మెడలో టేపు

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురిని టెన్నిస్ కోర్టుకు తీసుకెళ్లాలి, బెంచీ మీద కూర్చోవాలి, ఆట అయ్యాక ఇంటికి తీసుకురావాలి. ఇందులో తప్పు చేయడానికి చోటెక్కడుందో అతనికి కనిపించలేదు.

పదహారేళ్ల కూతురికి కనిపించింది. గుమ్మంలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ ఇంకోసారి చెప్పింది.

"నాన్నా, అరవకూడదు. చేతులూపకూడదు. మంచి షాట్ కొడితే చప్పట్లు, అంతే."

"మంచి షాటో కాదో నాకెలా తెలుస్తుందే?"

"పక్కవాళ్లు కొడితే నువ్వూ కొట్టు."

"మీ అమ్మ ఏం చేసేది?"

"ఏం చేసేది కాదు. కూర్చునేది," అంది పిల్ల, రెండో బూటు అందుకుంటూ.

చిన్నప్పటి నుంచి ప్రతి పోటీకీ తల్లే వెంట వెళ్లేది. ఆమె పోయాక జరిగిన పోటీలన్నిటిలోనూ పిల్ల మొదటి మ్యాచ్‌లోనే ఓడి వచ్చింది. నిన్న సాయంత్రం రాకెట్ సంచి తుడుస్తూ, "ఈసారి కూడా మొదటి రోజే వచ్చేస్తే దీన్ని అటక మీద పెట్టేద్దాం నాన్నా," అంది. కోపంగా అని ఉంటే దర్జీ నచ్చజెప్పేవాడే. కానీ మామూలుగా అంది. అందుకే ఈ రోజు కొట్టు మూసి తనే బయలుదేరాడు.

భార్య పోయినప్పటి నుంచి అతనికి నిద్ర సరిగా పట్టడం లేదు. పట్టని నిద్రను వృథా చేయడమెందుకని రాత్రిపూట బ్యాండు వాళ్ల కోట్లు కుడుతున్నాడు. తెల్లవారేదాకా ఇత్తడి గుండీలు కుట్టి, మొహం కడుక్కుని, అలాగే వచ్చేశాడు. అలాగే అంటే, మెడలో కొలతల టేపుతో సహా. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది కనుక అతనికీ గుర్తు రాలేదు, వెంట వచ్చిన అత్తగారికీ వింతగా తోచలేదు.

కోర్టు పక్కన నీళ్ల కుళాయి, దాని పక్కన ఆకుపచ్చ బెంచీ. ఊళ్లో ఏ పోటీ అయినా ఈ కోర్టులోనే; తల్లి కూర్చున్నదీ ఎప్పుడూ ఆ బెంచీ మీదే. అల్లుడూ అత్తగారూ అక్కడే సర్దుకున్నారు.

ఆట మొదలైంది. మంచి షాటేదో తెలియకపోయినా, బంతి ఎటు పోతుందో దర్జీకి బాగానే తెలిసింది. బంతి కుడికి వెళితే అతని చేయి టేపు కుడి కొసను లాగింది. ఎడమకు వెళితే ఎడమ కొసను. తన చేతులు ఆ పని చేస్తున్నాయని అతనికి తెలియదు. కూతురు మొదటి సెట్ గెలిచింది. పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు, అతనూ కొట్టాడు.

అవతలి బెంచీ మీద ఎదుటి అమ్మాయి తండ్రి, నల్ల కళ్లద్దాల ఆయన, చాలాసేపటి నుంచి బంతిని వదిలేసి టేపునే చూస్తున్నాడు. సెట్ అయిపోగానే అంపైర్ ఎత్తు కుర్చీ దగ్గరికి నడిచాడు.

"మేడమ్, ఆ మనిషి మెడలో ఏముందో చూశారా? కుడి కొస లాగితే బంతి కుడికి కొట్టమని. ఎడమ లాగితే ఎడమకి. పక్కాగా లెక్కేశాను."

ఆట జరుగుతుండగా బయటి నుంచి సలహా ఇవ్వకూడదు, సైగ కూడా సలహా కిందికే వస్తుంది. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఒక పాయింటు పోతుంది, మూడోసారి ఏకంగా ఒక గేమే పోతుంది. వయసులో చిన్నదైన అంపైర్ టేపు వంక చూసింది. టెన్నిస్ చూడటానికి టేపు ఎందుకో ఆమెకూ అర్థం కాలేదు. హెచ్చరించింది.

దర్జీ కంగారుగా టేపు తీసి అత్తగారి చేతిలో పెట్టాడు. ఊరికే కూర్చోవడం ఆవిడ వంటికి పడదు. టేపును వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"చుట్టితే మెల్లగా కొట్టమని! విప్పితే గట్టిగా!" అని నల్ల కళ్లద్దాల ఆయన లేచాడు.

"నా వేలు, మా టేపు. మధ్యలో నీ బాధేంటి నాయనా?" అంది అత్తగారు. అంపైర్ వైపు తిరిగి, "అమ్మాయీ, నువ్వు కిందికి దిగిరా. నీకూ ఓ జాకెట్ కొలత తీసి పంపిస్తాం. ఇది దేనికి పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది," అంది.

ఒక పాయింటు పోయింది. కూతురు తండ్రి వైపు చూడకుండా బంతిని నేలకు కొడుతూ ఉండిపోయింది. రెండో సెట్ కూడా పోయింది.

మూడో సెట్ మొదలవుతుండగా దర్జీ లేచాడు. తాను ఊపిరి పీల్చినా ఎవరో ఒకరు లెక్కేసేలా ఉన్నారు. తాను లేకపోతే పిల్లకు ప్రమాదం ఉండదనుకుని, కుళాయి అవతలి నీళ్ల మోటారు గది వెనక్కి వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కోర్టులో కూతురు సర్వ్ చేయబోతూ ఆకుపచ్చ బెంచీ వైపు చూసింది. బంతి నెట్‌కు తగిలింది. ఇంకోటీ తగిలింది. ఆ తర్వాత గేములు ఒకటొకటే జారిపోయాయి.

అత్తగారు వెతుక్కుంటూ వచ్చింది.

"ఇక్కడ గోడకి కొలత తీస్తున్నావా?"

"నా వల్ల ఓడిపోతుందేమోనని, అత్తయ్యా."

"నీ వల్ల పోయింది ఒక్క పాయింటు. ఆ చోటు ఖాళీగా ఉంటే ఎంత పోతుందో ఇన్నాళ్లూ చూశాం కదా." ఆవిడ అల్లుడి చొక్కా చెయ్యి పట్టి లాగింది. "పద. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చో."

వెళ్లి అలాగే కూర్చున్నాడు. ఎదుటి అమ్మాయికి ఇంకొక్క పాయింటు వస్తే మ్యాచ్ అయిపోయినట్టే. చేతులకు పని లేదు, ఎండ నెత్తి మీద ఉంది, నెలల తరబడి రాని నిద్ర సరిగ్గా అప్పుడే వచ్చింది. దర్జీ నోరు తెరిచి, కళ్లలో నీళ్లు తిరిగేంత పెద్దగా ఆవులించాడు.

కూతురు చూసింది. చేతిలో బంతి పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత ఆమె భుజాలు వదులై కిందికి దిగాయి. సర్వ్ చేసింది. ఎదుటి అమ్మాయి దాన్ని తిప్పి కొట్టింది.

నల్ల కళ్లద్దాల ఆయన కూడా ఆవులింతను చూశాడు; మెల్లగా కొట్టమని సైగ అనుకున్నాడు. ఇక ఫిర్యాదు చేసే వ్యవధి లేదు. "బంతి దగ్గరే పడుతుంది! ముందుకు రా తల్లీ!" అని అరిచాడు. ఆయన కూతురు ముందుకు పరిగెత్తింది. బంతి ఆమె తల మీదుగా వెళ్లి వెనక గీత దగ్గర పడింది.

"బయటి నుంచి సలహా. హెచ్చరిక," అంది అంపైర్.

"మరి వాళ్ల ఆవులింతో?"

"ఆవులింత మీద నిబంధన లేదండీ."

కాసేపటికి ఆయన ఆగలేక "వెనక్కి!" అన్నాడు. ఈసారి వాళ్ల పాయింటు పోయింది. ఆయన కూతురు రాకెట్ కింద పెట్టి నడుము మీద చేతులు వేసుకుంది. "డాడీ, అవతల ఒక్కదాంతోనే వేగలేకపోతున్నాను. ఇవతల నువ్వు కూడానా!"

ఆయన కూర్చున్నాడు. దర్జీ కూతురు తొందరపడకుండా ఒక్కో గేమూ వెనక్కి తెచ్చుకుని, మ్యాచ్ గెలిచింది. పక్కవాళ్లు కొట్టకముందే దర్జీ చప్పట్లు కొట్టాడు.

అంపైర్ కుర్చీ దిగి వచ్చింది. ఆమె మొహంలో కాస్త పశ్చాత్తాపం ఉంది.

"ఏమీ అనుకోకండి. ఆ టేపులో నిజంగా ఏమీ లేదు కదా?"

"అలవాటమ్మా. అంతే."

"మరి ఆవులింత?"

"నిద్ర."

"టేపు సైగ కాదు మేడమ్," అంది కూతురు. తువాలుతో మొహం తుడుచుకుని, ఆగి, మిగతాది కూడా చెప్పింది. "ఆవులింత సైగే. నేను పాయింటు పోగొట్టుకుని బెంగపడితే అమ్మ ఆవులించేది. ఈ మాత్రం దానికా నన్ను పొద్దున్నే లేపావు అన్నట్టు. నాన్నకి తెలియదు. ఎవరికీ తెలియదు."

"నేను చెప్పలేదూ!" అన్నాడు నల్ల కళ్లద్దాల ఆయన వెనక నుంచి. తన కూతురు గెలిచి ఉన్నా ఆయన అంత సంతోషించేవాడు కాదేమో.

దర్జీ అత్తగారి వైపు చూశాడు. ఆవిడ టేపును వేలికి చుడుతూ అంది, "చిన్నప్పటి నుంచీ దానికదే అలవాటు. నిన్నే చేసుకుంటానంటే నేను ఇల్లెగిరిపోయేలా గోల పెట్టానా, అప్పుడూ ఇలాగే ఆవులించింది."

అంపైర్ ఎటో చూసి, మళ్లీ అధికారిగా మారింది. "ఇవాళ మీకు తెలియదు కాబట్టి అది వట్టి ఆవులింతే. ఇప్పుడు తెలిసింది. రేపటి మ్యాచ్‌లో ఆవులిస్తే పాయింటు తీసేస్తాను. రాత్రి కంటినిండా నిద్రపోయి, వచ్చి కూర్చోండి."

ఇంటికి వచ్చాక కూతురు రాకెట్ సంచిని తలుపు పక్కన పెట్టింది. అత్తగారు బ్యాండు వాళ్ల కోట్లను బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఆ రాత్రి దర్జీ, ఎన్నో నెలల తర్వాత, నిబంధనల ప్రకారం నిద్రపోయాడు.