పేగు మామది, గుండె అత్తది

సంధ్యారాణి ఆ రోజు ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. వంట త్వరగా ముగించాలి, పాఠం మొత్తం ఒకసారి నెమరు వేసుకోవాలి, మధ్యాహ్నం రెండింటికి ఎల్బీ నగర్‌లోని కంపెనీలో పరీక్ష రాయాలి. ఇందులో బంధువుల ప్రస్తావన ఎక్కడా లేదు. నల్లగొండ నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో కిరాయికి ఉంటున్న ఇంట్లో, బంధువుల ప్రస్తావన లేని పథకం ఎంత దూరం పోతుందో ఆమె ఆలోచించి ఉండాల్సింది.

ఆమె నేర్చుకుంటున్నది మెడికల్ కోడింగ్. దవాఖానలో చేరిన రోగికి డాక్టర్లు ఏం కోశారో, ఏం కుట్టారో చదివి, దాన్ని ఏడు అక్షరాల కోడ్‌గా మార్చే పని. ఆ కోడ్ చూసి బీమా కంపెనీ డబ్బు ఇస్తుంది, లేదా ఇవ్వకపోవడానికి కారణం వెతుక్కుంటుంది. రెండో అక్షరం ఒంట్లో ఏ వ్యవస్థో చెబుతుంది, మూడోది అక్కడ ఏం చేశారో చెబుతుంది. ఈ మూడో అక్షరం దగ్గరే సంధ్యారాణి కిందటిసారి బోల్తా పడింది. ముక్క కోసి తీస్తే ఒక అక్షరం, మొత్తం తీస్తే ఇంకో అక్షరం. పేగులో ఒక్క వంపే తీసినా, ఆ వంపుకు పుస్తకంలో సొంత పేరుంటే మొత్తం తీసినట్టే లెక్క. ఆమె అన్నిటికీ ముక్క అని రాసి వచ్చింది.

అలా పరీక్ష తప్పిన రోజే ఇంట్లో తీర్పు కూడా అయిపోయింది. స్కూల్ వ్యాన్ నడిపే భర్త మహేందర్ తీర్పు చెప్పాడు. "ఇంకొక్కసారి రాయి. గీసారి గిట్ల రాకుంటే సుక్కమ్మ చిన్నమ్మ కాడికి పో." సుక్కమ్మ అంటే సంధ్యారాణి అత్త కౌసల్యమ్మకు చెల్లెలు. వనస్థలిపురంలో ఆమెకు ఒక కర్రీ పాయింట్ ఉంది. అందులో ఉల్లిగడ్డలు కోయడానికి డిగ్రీ చదివిన కోడలు దొరుకుతుందని ఆమె ఎప్పటి నుంచో కాచుకుని ఉంది. సంధ్యారాణికి కలలో కూడా ఉల్లిగడ్డలే కనిపిస్తున్నాయి.

చైతన్యపురిలో ఆమె చేరిన ఇన్‌స్టిట్యూట్ సాంబమూర్తిగారిది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మనిషి. గోడంత ఫ్లెక్సీ మీద ఉద్యోగాలు వచ్చిన విద్యార్థుల ఫోటోలు నవ్వుతుంటాయి. వాటిలో రెండు ఆయన మరదళ్లవి. "చూడండమ్మా, వ్యవస్థకొక బంధువుని కూర్చోబెట్టేయండి. ఏం మర్చిపోయినా చుట్టాల్ని మర్చిపోలేం కదండీ" అని ఆయన చెప్పిన కిటుకును సంధ్యారాణి తుచ తప్పకుండా పాటించింది. ఎప్పుడూ గ్యాస్ అని మూలిగే మామ జానయ్యకు జీర్ణవ్యవస్థ అప్పగించింది. చిన్న మాటకే గుండె పట్టుకునే అత్తకు గుండె, రక్తనాళాలు ఇచ్చింది.

పరీక్ష రోజు పొద్దున్నే గిన్నెలు తోముతూ ఆమె గట్టిగా అప్పజెప్పుకుంటోంది. "జానయ్య మామ. కడుపు. పెద్దపేగు కింది వంపు. ముక్క కాదు, మొత్తం తీసుడే. పొట్ట కోసి తీసుడు."

కిటికీ అవతల బట్టలు ఆరేస్తున్న కౌసల్యమ్మ చేతిలో చీర అలాగే ఆగిపోయింది. కిందటి వారమే మహేందర్ తండ్రిని దవాఖానకు తీసుకుపోయాడు. వచ్చి "ఏం లేదమ్మా, గ్యాసు" అన్నాడు. వాళ్ల ఇళ్లల్లో పెద్ద జబ్బు వచ్చినప్పుడే ఏం లేదని చెబుతారు. రోగికి చెప్పరు, రోగి పెళ్లానికి అసలే చెప్పరు. కౌసల్యమ్మ తన తండ్రి సంగతి తన తల్లికి చెప్పకుండా నెలలు గడిపిన మనిషి. ఇప్పుడు తన వంతు వచ్చిందని ఆమెకు అర్థమైంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని లోపలికి వచ్చి, భర్త ముందున్న పచ్చిపులుసు గిన్నె తీసేసి జావ పెట్టింది.

"గిదేంది, నాకేమన్న జ్వరమొచ్చిందా?" అన్నాడు జానయ్య.

"ఊకెనే. ఒంటికి సలువ" అని ఆమె తల పక్కకు తిప్పుకుంది.

ముప్పై ఏళ్ల కాపురంలో అడగకుండా ఆమె ఏదీ పెట్టలేదు. ఇందులో మతలబు ఏదో ఉందని, కోడలిని అడుగుదామని జానయ్య వంటగది వైపు నడిచాడు. కోడలు అప్పటికి రెండో బంధువు దగ్గరికి వచ్చింది. "కౌసల్య అత్త. గుండె. కవాటం తీసి కొత్తది పెట్టుడు. ఏం కవాటం? ఆవుదా, పందిదా? ఏ జంతువుదైనా ఒక్కటే అక్షరం."

జానయ్య గుమ్మం పట్టుకున్నాడు. శనివారం కోడిగుడ్డు ఉన్న గిన్నెను కూడా తాకని మనిషికి పంది కవాటమా అనుకున్నాడు. ఇందాక ఆమె కళ్లు ఎర్రగా ఎందుకున్నాయో, జావ ఎందుకు పెట్టిందో ఇప్పుడు అర్థమైంది. పాపం, తనకేదో అయిందని ఆమెకు లోలోపల తెలుస్తోంది, అందుకే మొగుణ్ని మంచిగా చూసుకుంటోంది. జన్మలో మొదటిసారి పెళ్లాం మీద ఆయనకు గుండె కరిగేంత ప్రేమ పుట్టింది. వెనక్కి తిరిగి బకెట్ ఎత్తుకుని నల్లా దగ్గరికి పోయాడు.

తిన్న పళ్లెం కూడా ఏనాడూ తీయని మగాడు నీళ్ల బకెట్ మోస్తుంటే చూసి కౌసల్యమ్మ కుప్పకూలింది. చేసిన తప్పులన్నీ దిద్దుకుంటున్నాడంటే మనిషికి తెలిసిపోయిందన్నమాట. ఇక ఆగలేక చెల్లెలికి ఫోన్ చేసింది. "సుక్కా, మీ బావ మనకు దక్కేటట్టు లేడే. ఎవలికి చెప్పకు." అదే సమయంలో జానయ్య నల్లా దగ్గర నుంచి దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణంలో పనిచేసే తమ్ముడు పోచయ్యకు ఫోన్ చేశాడు. "తమ్మీ, మీ వదినె గుండె ఖరాబైందిరా. ఎవలికి చెప్పకు."

ఎవరికీ చెప్పొద్దన్న మాట ఎంత వేగంగా ప్రయాణం చేయగలదో, అంత వేగంగానే చేసింది. కూరలు చల్లారకముందే ఇల్లు నిండిపోయింది. బ్రెడ్డు పొట్లాలు, ఆపిల్ పండ్లు, కొబ్బరిబోండాలు, బలం పొడి డబ్బాలు టీవీ పక్కన గుట్టగా పేరుకున్నాయి. కొందరు జానయ్య కోసం వచ్చారు, కొందరు కౌసల్యమ్మ కోసం వచ్చారు. ఎవరూ నోరు విప్పడానికి లేదు. "గిటు దిక్కు పనుండి ఒచ్చినం" అని అందరూ ఒకటే మాట చెప్పారు. పనుండి వచ్చినవాళ్లు ఊరికే కూర్చోలేక ఎవరి ఆపరేషన్ వాళ్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు. పైన వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ ముత్తమ్మ తన పిత్తాశయంలో దొరికిన రాళ్లను ఒక డబ్బాలో వేసి తెచ్చి చూపించింది.

సంధ్యారాణి మాత్రం వాళ్లంతా తన పరీక్ష కోసమే వచ్చారనుకుంది. పోచయ్య తడి కళ్లతో ఆమె తల మీద చెయ్యి పెట్టి "అంత నీ మీదనే ఉన్నది బిడ్డా, ధైర్యంగుండు" అన్నాడు. ఆమె ఉప్పొంగిపోయి ఆయన కాళ్లకు మొక్కింది. అత్తింటివాళ్లు తన చదువును ఇంత పట్టించుకుంటారని ఆమె ఊహించలేదు. పెద్ద గిన్నెలో మళ్లీ మళ్లీ చాయ్ పెట్టింది. ఇంతమంది ముందు తప్పితే తల ఎక్కడ పెట్టుకోవాలన్న భయం మాత్రం ఒక్కో చాయ్‌కీ పెరుగుతూ వచ్చింది.

చివరికి మంచి చుడీదార్ వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని హాల్లోకి వచ్చింది. "పోయొస్త మామా, పోయొస్త అత్తమ్మా. పరీక్షకు టైమైతున్నది."

సుక్కమ్మ లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇంట్ల పరిస్థితి గిట్లుంటే నువ్వు పరీక్షకు పోతవా?"

"ఎట్లున్నది చిన్నత్తమ్మా?"

సుక్కమ్మ బావ వైపు చూసి నోరు మూసుకుంది. పోచయ్య వదిన వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. ఇద్దరూ కలిసి సంధ్యారాణిని వంటగదిలోకి లాక్కుపోయి తలుపు మూశారు.

"బావ పేగు మొత్తం తీస్తరని మాకు తెలుసు. దాయకు" అంది సుక్కమ్మ.

"అన్న పేగా? ఖరాబైంది వదినె గుండె గదా" అన్నాడు పోచయ్య.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీనా అన్న మాట బయటికి రాకముందే సుక్కమ్మ కళ్ల నీళ్లు పెట్టుకుంది. సంధ్యారాణికి విషయం అర్థమై నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "అయ్యో, గది నా పాఠం చిన్నత్తమ్మా. యాదికి ఉండాలని మామ పేరు, అత్తమ్మ పేరు పెట్టి చదువుకున్న. ఇద్దరికీ ఏం కాలే. మంచిగున్నరు."

సుక్కమ్మ ఆమెను జాలిగా చూసింది. "మా ఆయనకు షుగరొచ్చినప్పుడు నేను గూడ గిట్లనే చెప్పిన. నాయన మంచిగున్నడు, ఏం కాలే అని నా పిల్లలకు."

"ఒట్టు చిన్నత్తమ్మా."

"నేను గూడ ఒట్టేసిన బిడ్డా."

ఆ ఇళ్లల్లో అబద్ధం చెప్పే పద్ధతి ఎంత బాగా కుదురుకుందంటే, నిజం చెప్పడానికి వేరే మాటలు మిగల్లేదు. సంధ్యారాణి ఎంత కాదంటే వాళ్లకు అంత నమ్మకం కుదిరింది. ఇద్దరినీ ఇప్పుడే దిల్‌సుఖ్‌నగర్‌లోని పెద్ద దవాఖానకు తీసుకుపోదామని, అన్నీ తెలిసిన కోడలు వెంట ఉండాలని పోచయ్య తీర్మానించాడు. గోడ గడియారం చూసి ఆమెకు నిజంగానే ఏడుపు వచ్చింది. ఎన్ని నెలలు పొద్దున్నే లేచి చదివిందో, ఎన్నిసార్లు గిన్నెల మధ్య పుస్తకం తడిసిందో గుర్తొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడుస్తున్నదంటే నిజమే" అన్నాడు పోచయ్య.

సంధ్యారాణి ఏడుపు ఆపింది. దుపట్టాతో ముఖం తుడుచుకుంది. "సరే, నిజమే చిన్నమామా. ఇద్దరి రిపోర్టులు ఎల్బీ నగర్‌ల ఉన్నయి. రెండింటికి నేను పోయి సంతకం పెట్టాలె. వేరేటోళ్లకు ఇయ్యరు. గవి లేకుంటే ఏ దవాఖానల చేర్చుకోరు."

ఇన్నాళ్లూ చదివిన చదువు చేయని పని ఆ ఒక్క అబద్ధం చేసింది. తలుపు తెరుచుకుంది. హాల్లో జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఎవరో చేతిలో కొబ్బరిబోండం పెట్టారు. కబురు అందుకుని పరుగున వచ్చిన మహేందర్ ఆమెను స్కూల్ వ్యాన్‌లో ఎక్కించుకుని, ఎవరినీ లెక్కచేయకుండా హారన్ కొడుతూ పోనిచ్చాడు.

"నాయినది గ్యాసేనని నాకు తెలుసు" అన్నాడు దారిలో. "అమ్మది గుండె అని నాకెందుకు చెప్పలే?"

"అత్తమ్మకు ఏం కాలే. మనం పోతున్నది నా పరీక్షకు."

"నేను పరేషాన్ అయితనని గిట్ల చెప్తున్నవ్ గదా." అతను కళ్లు తుడుచుకుని గేరు మార్చాడు. కంపెనీ ముందు ఆపి, అద్దాల భవనాన్ని అనుమానంగా చూశాడు. "గిది దవాఖాన లెక్క లేదేంది?"

"గివన్నీ కంప్యూటర్ల ఎక్కిచ్చేది గీన్నే" అని ఆమె లోపలికి పరుగెత్తింది.

ప్రశ్నల్లో పేగులు వచ్చాయి, ఊపిరితిత్తి వచ్చింది, కవాటం వచ్చింది. ఈసారి ఆమె సొంత పేరున్న భాగాలన్నిటినీ మొత్తంగానే తీసేసింది, ముక్కలను ముక్కలుగానే వదిలింది. ఫలితం అక్కడికక్కడే చెప్పారు. సోమవారం నుంచి రమ్మన్నారు. ఆమెకు నేల మీద కాళ్లు ఆనలేదు. వ్యాన్ ఎక్కగానే మహేందర్‌కు చెబితే, అతను ఆమె చెయ్యి పట్టుకుని "ఇద్దరం కష్టపడదాం" అని మాత్రం అన్నాడు.

ఇంటికి చేరేసరికి జనం ఇంకా కదల్లేదు. ఆమె గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "నాకు నౌకరి ఒచ్చింది."

ఎవరూ సంతోషించలేదు. సుక్కమ్మ ముందుకు వచ్చి ఆమెను గుండెకు అదుముకుంది. "మందుల ఖర్చుకని నౌకరికి ఎక్కుతున్నది నా బంగారు తల్లి. ఇంకెవలన్న దీన్ని కర్రీ పాయింట్‌కు రమ్మంటే నేను ఊరుకోను." రమ్మన్నది తనేనన్న సంగతి ఆమెకు గుర్తున్నట్టు లేదు. రిపోర్టుల్లో ఏం లేదని, దవాఖానకు పోనక్కర్లేదని సంధ్యారాణి గట్టిగా చెప్పింది. జనం తలలూపి, పాపం ఎంత ధైర్యస్థురాలో అనుకుంటూ ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు.

సోమవారం ఆమె నిద్ర లేచేసరికి వాకిలి ఊడ్చి ఉంది, నీళ్లు పట్టి ఉన్నాయి. కౌసల్యమ్మ టిఫిన్ డబ్బా కట్టి చేతికిచ్చి, చెవిలో గొణిగింది. "మీ మామకు తెల్వనీయకు బిడ్డా. వంటా ఇల్లూ నేను చూసుకుంట, నువ్వు నౌకరికి పో." గేటు దగ్గర చీపురుతో నిలబడ్డ జానయ్య కూడా ఆమెను పక్కకు పిలిచాడు. "మీ అత్తకు చెప్పకు. బయటి పని మొత్తం నాది. దాన్ని మాత్రం కష్టపెట్టకు."

సంధ్యారాణి నిజం చెబుదామని నోరు తెరిచింది. శుభ్రంగా ఉన్న వాకిలిని చూసింది, చేతిలో వెచ్చగా ఉన్న డబ్బాను చూసింది. ముసలాళ్లిద్దరూ అరుగు మీద కూర్చుని, ఒకే గ్లాసు పాలను నువ్వు తాగంటే నువ్వు తాగమని ఒకరి చేతికి ఒకరు ఇచ్చుకుంటున్నారు. ఆమె నోరు మూసుకుని ఎల్బీ నగర్‌కు పోయే ఆటో ఎక్కింది.

ఉద్యోగం పర్మనెంట్ అయ్యేదాకా వాళ్లిద్దరికీ నయం కాకూడదని దారిలో నిశ్చయించుకుంది.