పెరటి గుమ్మం నుంచి వీధి గుమ్మానికి

పిల్లల్ని బడి మానిపించి ఇంట్లోనే చదువు చెప్పుకోవడం కంటే పుణ్యకార్యం ఈ రోజుల్లో మరొకటి లేదు. అయితే ఆ పుణ్యం పిల్లలకి దక్కుతుందనుకుంటే మీరు అమాయకులు. దక్కేది ఊరికి. చిన్నప్పుడు బట్టీపట్టిన ఎక్కాలు ఎవరి మీద ప్రయోగించాలో తెలియక ఎంతమంది పెద్దలు అల్లాడిపోతున్నారో మీకేం తెలుసు? బడికెళ్లని పిల్లలు వీధికి ఇద్దరుంటే చాలు, వీధి వీధంతా ఎగ్జామినర్లయిపోతారు.

నమ్మకపోతే పాలకొల్లులో సూర్యకళకి జరిగింది వినండి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న రోజులు. సూర్యకళ బీయస్సీ చదివింది. భర్త సత్యప్రసాద్ ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. కొడుకు సూర్యతేజకి ఏడేళ్లు, కూతురు అలేఖ్యకి నాలుగు. ఇద్దరూ ఒక కాన్వెంటుకి వెళ్లేవాళ్లు.

ఒక ఆదివారం అలేఖ్య వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. "మే ఐ గో టు టాయిలెట్ మిస్" అంది.

సూర్యకళ పప్పు కలుపుతూ నవ్వి, "వెళ్లవే" అంది.

పిల్ల కదల్లేదు. ఇంగ్లీషులో పర్మిషన్ వస్తేగాని కదలకూడదట. ఆ సంగతి తల్లికి తట్టి "యెస్, గో" అనేలోపు, గుమ్మంలోనే గౌను తడిసిపోయింది. పిల్ల ఏడవలేదు. దెబ్బ కోసం అరచెయ్యి చాపింది.

ఆ చెయ్యి చూశాక సూర్యకళ మరి పిల్లల్ని కాన్వెంటుకి పంపలేదు.

పిల్లలకి జబ్బు చేసిందనుకుంది వీధి. పక్కింటి పాపాయమ్మ బ్రెడ్డూ, బత్తాయిలూ పట్టుకుని పరామర్శకి వచ్చింది. "టైఫాయిడా అండీ?" అంది గొంతు తగ్గించి.

"లేదండీ, బాగానే ఉన్నారు. ఇంటి దగ్గర నేనే చదివిద్దామని."

"అయ్యో, అంతదాకా వచ్చిందా" అని పాపాయమ్మ బత్తాయిలు బల్లమీద పెట్టి, మరేమీ అడక్కుండా వెళ్లిపోయింది.

ఆవిడ అటు వెళ్లగానే అత్తగారు మహాలక్ష్మమ్మ విసుక్కుంది. "టైఫాయిడే అని చెప్పేస్తే పోయేది కదే. జబ్బయితే ఎప్పటికో అప్పటికి తగ్గుతుందిలే అని ఊరుకునేవారు."

ఆఫీసులో సత్యప్రసాద్‌కి టీ సీటు దగ్గరికే రావడం మొదలైంది. సూపరింటెండెంటు గారు భుజం మీద చెయ్యి వేసి, "ధైర్యంగా ఉండవయ్యా. అందరికీ వస్తాయి" అన్నారు. ఏం వస్తాయో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు.

ఇంట్లో మాత్రం చదువు బ్రహ్మాండంగా సాగింది. తేజ బస్టాండులో బోర్డులు చూసి భీమవరం, నరసాపురం చదివేశాడు. చెల్లెలు బియ్యంలో రాళ్లు ఏరుతూ లెక్క నేర్చింది. తల్లి ఇద్దర్నీ కాలవ లాకుల దగ్గరికి తీసుకెళ్లి, తలుపులు మూస్తే నీళ్లు ఎందుకు పైకొస్తాయో చూపించింది. అవన్నీ చదువని వీధి ఎలా ఒప్పుకుంటుంది? పట్టపగలు తల్లీ పిల్లలూ కాలవ గట్టున తిరుగుతుంటే దాన్ని తిరగడమే అంటారు గాని సైన్సు అనరు కదా.

అందుకని వీధి పరీక్షలు మొదలుపెట్టింది.

ఎదురింటి బంగార్రాజు గారు తాలూకాఫీసులో రిటైరైన మనిషి. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, తేజ కనబడగానే పిలిచేవారు. "ఇటు రారా. నేపాల్ క్యాపిటల్ ఏంటి?"

"ఖాట్మండు అండి."

"స్పెల్లింగు?"

చెబితే తర్వాతి ప్రశ్న దానికంటే పెద్ద దేశం. చెప్పకపోతే తల్లి మీద జాలి. ఏదైనా బంగార్రాజు గారికి కాలక్షేపమే.

పాలు పోసే ఆవిడ ఏడెనిమిదులెంతో చెప్పేదాకా చెంబు వంచేది కాదు. ఇస్త్రీ అతను బట్టల మూట చంకలో పెట్టుకుని ఆపోజిట్లు అడిగేవాడు. మంగలి తేజ మెడమీద కత్తి ఆనించి రాష్ట్రపతి పేరు అడిగాడు. అన్నవరం వెళ్లొచ్చిన చుట్టాలు ప్రసాదం పైకెత్తి పట్టుకుని, నెలల పేర్లు ఇంగ్లీషులో చెబితే గాని చేతిలో పెట్టలేదు. సత్యనారాయణ స్వామి ఎన్నడూ పెట్టని షరతు అది.

అదే వీధిలో బడికెళ్లే పిల్లలు బోలెడుమంది ఉన్నారు. వాళ్లని ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. వాళ్లకి టై ఉంది, బెల్టు ఉంది. ఇంక అడగడానికేముంది?

ఒకరోజు తేజ బంగార్రాజు గారి ముందు నిలబడి చాలా మర్యాదగానే అడిగాడు. "తాతగారూ, మీరు తెలియక అడుగుతున్నారా, తెలిసే అడుగుతున్నారా అండి?"

బంగార్రాజు గారు ఉత్తరీయం భుజాన వేసుకుని నేరుగా ఇంట్లోకొచ్చారు. "ఇంటి చదువు ఇలాగే తగలడుతుందమ్మా" అని సూర్యకళకి చెప్పి, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయారు.

ఆ తర్వాత తేజ వీధిలోకి వెళ్లడం మానేశాడు. గేటు చప్పుడైతే బియ్యం బస్తా వెనక్కి వెళ్లి కూర్చునేవాడు. ఎందుకో తెలియకపోయినా అలేఖ్య కూడా వాడి పక్కనే దూరేది. కొట్టుకెళ్లి కరివేపాకు తెమ్మంటే వాడు చాలాసేపు ఆలోచించి, "ఎవరూ ఏమీ అడగని దారి ఉందా అమ్మా?" అన్నాడు. సూర్యకళ స్టవ్ కట్టేసి తనే వెళ్లి కరివేపాకు తెచ్చుకుంది. కాన్వెంటులో ఒక్క మిస్సే ఉండేది. ఇప్పుడు ఊరంతా మిస్సే.

అప్పుడు సత్యప్రసాద్‌కి ఆలోచన వచ్చింది. "వీళ్లకి చదువు లోటు లేదు కళా. ఊరికి కనబడే బడి లేదు, అంతే" అని బజారుకెళ్లి టైలు, బెల్టులు, బూట్లు, సింహం బొమ్మ ఉన్న బ్యాడ్జీలు తెచ్చాడు. సూర్యకళకి సుతరామూ ఇష్టం లేదు. కాని బియ్యం బస్తా వెనక ఉన్న పిల్లాడు గుర్తొచ్చి సరేనంది.

మర్నాటి నుంచి పిల్లలిద్దరూ యూనిఫారంలో, సంచులు తగిలించుకుని పెరటి గుమ్మంలోంచి బయల్దేరేవారు. సందులోంచి చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోంచి అదే ఇంట్లోకి వచ్చేవారు. అది బడి. సాయంత్రం వీధి గుమ్మంలోంచి వెళ్లి, చుట్టూ తిరిగి పెరటి గుమ్మంలోకి వచ్చేవారు. అది ఇల్లు. మహాలక్ష్మమ్మ ఎదురెళ్లి సంచులందుకుని, "ఇవాళ బళ్లో ఏం చెప్పారు నాన్నా?" అని అడిగేది. ఆ బళ్లోనే పొద్దుటి నుంచీ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నదీ ఆవిడే.

మోసం తెలిసిపోలేదా అంటారా? పెరటి వైపు పాపాయమ్మ టాటా చెప్పి పంపేది. వీధి వైపు బంగార్రాజు గారు గేటు తీసి లోపలికి పంపేవారు. తెలియనిదెవరికి? అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ప్రశ్నలు ఆగిపోయాయి. చెంబులో పాలు వాటంతటవే పడ్డాయి.

నెల తిరక్కుండా బంగార్రాజు గారు మనవణ్ణి వెంటబెట్టుకొచ్చారు. "డిసిప్లిన్ బాగుందమ్మా. మావాడికో సీటుంటుందా?" అన్నారు.

"ఇది మా ఇల్లండీ. సీట్లుండవు" అంది సూర్యకళ.

సీట్లు లేవట అన్న మాట సాయంత్రానికి పక్కనున్న యలమంచిలి దాకా పాకింది. సీటు దొరకని బడి కంటే మంచి బడి ఎక్కడైనా ఉంటుందా? సిఫార్సులు మొదలయ్యాయి. సత్యప్రసాద్‌కి ఆఫీసులో మళ్లీ సీటు దగ్గరికే టీ వచ్చింది, ఈసారి గౌరవంతో.

అందరూ మెచ్చుకుంటుంటే సూర్యకళకి మాత్రం రోజురోజుకీ మనసు చిన్నబోయేది. పొద్దున్నే టై కడుతుంటే అలేఖ్య పలుపు కట్టించుకునే దూడలా గెడ్డం పైకెత్తి కళ్లు మూసుకునేది. అది చూడలేక సూర్యకళ గోడకేసి చూస్తూ కట్టేది.

అలాంటప్పుడు వాళ్లింటి ముందు కారాగింది. దిగినాయన భీమరాజు గారు. నరసాపురం వైపు రెండు కాన్వెంట్లకి కరస్పాండెంటు. పక్కన బేబి అని అయిదేళ్ల మనవరాలు.

"ఆయ్, మా పాపకి సీటు కావాలండి" అన్నారు కూర్చుంటూనే.

"మీకే రెండు స్కూళ్లున్నాయి కదండీ."

భీమరాజు గారు ఫ్యాను వైపు చూశారు, కిటికీ వైపు చూశారు. "అక్కడ కూర్చోబెడితే ఏడుస్తోందండి."

"మిగతా పిల్లలు ఏడవరాండీ?"

"ఎందుకేడవరండి, ఏడుస్తారు" అన్నారాయన ఏ కల్మషమూ లేకుండా. "వాళ్లు నా మనవరాళ్లు కాదు కదండీ."

సూర్యకళ ఏదో గట్టిగా అనబోయి పెరట్లోకి చూసింది. బేబి అప్పటికే చెప్పులొదిలేసి అలేఖ్య పక్కన మట్టిలో చతికిలబడి ఉంది. ఇద్దరూ చింతగింజలు పంచుకుంటున్నారు. సూర్యకళ లేచి వెళ్లి తన పిల్లలిద్దరి టైలూ విప్పి, వచ్చి బల్లమీద పెట్టింది.

"పంపండి. కాని టై, బెల్టు ఉండవండి. రేపట్నుంచి మా పిల్లలు సందు చుట్టూ తిరగరు కూడాను."

భీమరాజు గారు కంగారుపడ్డారు. "టై లేకపోతే మరి స్కూలని ఎలాగండి తెలిసేది?"

"పాపకా అండీ?"

"పాపకి కాదండి. ఊరికి."

"అది మీరూ ఊరూ చూసుకోండి" అంది సూర్యకళ.

ఆయన కాఫీ చల్లారిపోయేదాకా ఆలోచించి, టై ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లారు.

మర్నాడు కారు సందు చివరే ఆగింది. భీమరాజు గారు గ్లాస్గో పంచె, సిల్కు లాల్చీ, ఆ లాల్చీ మీద ఎలాస్టిక్ ఉన్న పిల్లల టై వేసుకుని నడిచొచ్చారు. టై గుండెల దాకా కూడా రాలేదు. చిటికెన వేలు పట్టుకుని బేబి మామూలు గౌనులో, ఉత్త కాళ్లతో గెంతుకుంటూ వచ్చింది. బంగార్రాజు గారు అరుగు మీంచి లేచి నిలబడి నమస్కారం పెట్టారు. పిల్లల్ని ఎవరూ ఏమీ అడగలేదు. టై ఎవరో ఒకరి మెడలో కనబడుతోంది కదా.

ఆ తర్వాత సీట్ల గొడవ ఎలాగూ ఆగలేదు. సూర్యకళ విసిగి, మధ్యాహ్నం దాకా ఆడుకుంటామంటే రమ్మంది. వారం తిరిగేసరికి బంగార్రాజు గారు మనవణ్ణి తెచ్చారు, తాను టై కట్టుకుని. ఇస్త్రీ అతను కూతుర్ని తెచ్చాడు, తాను టై కట్టుకుని. పిల్లలు పెరట్లో మట్టి తొక్కుతుంటే పెద్దలు వీధి గేటు దగ్గర వరసలో నిలబడి, ఒకరి టై ఒకరు సర్దుకుంటూ, పిల్లల్ని వదిలే వేళ దాకా కదిలేవారు కాదు.

మహాలక్ష్మమ్మ చిక్కుడుకాయల పళ్లెంతో వీధి గుమ్మంలోకి వచ్చి ఆ వరస వైపు చూసింది.

"పాపం, వీళ్లకి ఇంటి దగ్గర చెప్పేవాళ్లెవరూ లేరేంటే?" అంది కోడలితో.