తొకునో గారి ముద్ర వంగిన వైనం

స్త్రీ శరీరం మీద అంతిమ అధికారం ఎవరిదన్న ప్రశ్నతో ప్రపంచమంతటా తత్వవేత్తలు, మతాచార్యులు, న్యాయమూర్తులు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. పాపం, వాళ్లెవరూ జపాన్‌లో తకఓక పట్టణంలోని ఆసగిరి మహిళా వైద్యశాలకు వచ్చినట్టు లేదు. వచ్చి ఉంటే రిసెప్షన్‌లోనే చెప్పి పంపేవారు. ఆ అధికారం ఆరు సెంటీమీటర్ల పొడవున్న ఒక ప్లాస్టిక్ కడ్డీది. దాని పేరు హాంకో, అంటే సంతకం బదులు వేసే ముద్ర. దాని చివర ఒక మగవాడి ఇంటిపేరు చెక్కి ఉండాలి. ఆ పేరుకు ఎర్ర సిరా అంటుకుని ఉండాలి. మగవాడు మాత్రం అంటుకుని ఉండనక్కరలేదు.

ఈ సంగతి మినెగిషి చిహారుకు తెలియక కాదు. ఆమెకు ముప్పై నాలుగేళ్లు. ఊళ్లో ఒక పొదుపు బ్యాంకులో పదకొండేళ్లుగా రుణాల కాగితాల మీద ముద్రలు వేసి, వేయించి, సరిగ్గా పడలేదని జనాన్ని వెనక్కి పంపి బతుకుతున్న మనిషి. ఎనిమిది రోజుల కిందట ఇదే వైద్యశాలలో అబార్షన్ చేయించుకుంది. ఆ నిర్ణయం గురించి ఆమెకు విచారం లేదు. మంగళవారం పొద్దున మళ్లీ ఇక్కడికి రావడానికి కారణం విచారం కాదు, జ్వరం. దానికి తోడు పొత్తికడుపులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు నొప్పి.

"జ్వరమా అండీ. వినడానికే చాలా బాధగా ఉందండీ," అని రిసెప్షన్‌లో ఇషిగురో గారు లేచి నిలబడి, నడుము వంచి, ఆ బాధను సక్రమంగా ప్రకటించింది. తర్వాత ఒక ఫారం ముందుకు జరిపింది. అది అబార్షన్ అనంతర సేవల అంగీకార పత్రం, నమూనా 7-ఖ. "ఎడమ గడిలో మీ ముద్ర, కుడి గడిలో అవతలి వారి ముద్ర కావాలండీ."

"ఆపరేషన్‌కి ఆయన ముద్ర వేశారు కదండీ."

"అది ఆపరేషన్‌కండీ. ఇది ఆపరేషన్ తర్వాత వచ్చిన జ్వరానికి."

"జ్వరం నాది."

"మీదేనండీ. జ్వరానికి మూలం మాత్రం ఇద్దరిదీ అని మా నియమావళి."

"మాకు పెళ్లి కూడా కాలేదండీ."

"అందుకనే మీలాంటి వారి కోసం 'భర్త' అన్న మాట కొట్టేసి 'అవతలి వారు' అని అచ్చు వేయించామండీ. ఎవరినీ తక్కువ చేయకూడదని."

చిహారు ఫారం మీద వేలు పెట్టింది. "ఇదే జ్వరం ఊరికే వస్తే?"

"ఊరికే వచ్చిన జ్వరానికి ఫారం లేదండీ. ఎడమవైపు జనరల్ విభాగం."

చిహారు ఎడమవైపు వెళ్లింది. అక్కడి నర్సు ఈ మధ్య ఏమైనా ఆపరేషన్ జరిగిందా అని అడిగింది. పదకొండేళ్ల బ్యాంకు ఉద్యోగం మనిషిని ఎంత పాడు చేస్తుందంటే, చిహారు నిజం చెప్పింది. నర్సు కుడివైపు వెళ్లమంది. ఇషిగురో గారు మళ్లీ లేచి, మళ్లీ వంగి, తమ వైద్యశాలను మళ్లీ ఎంచుకున్నందుకు ధన్యవాదాలు చెప్పింది. (ఇంకో ఆసుపత్రికి పోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. పోవచ్చు. ఆపరేషన్ చేసినవారి ఉత్తరం తీసుకుని పోవాలి. ఆ ఉత్తరం ఇవ్వడం కూడా అబార్షన్ అనంతర సేవ కిందికే వస్తుంది.)

ఇక అవతలి వారి విషయం. తొకునో గారు సమయపాలన తెలిసిన మనిషి. గర్భం కబురు విన్న రోజున ముద్ర వేశాడు, మర్నాడు దేశం ఉత్తర కొసన ఉన్న సప్పొరోకు బదిలీ అడిగాడు, ఆ తర్వాతి వారం ఫోను నంబరు మార్చుకున్నాడు. చిహారు బుధవారమంతా ఆయన కోసం వెతికింది. సప్పొరో ఆఫీసులో ఫోనెత్తిన వారు ఆయన మీటింగులో ఉన్నారని నాలుగుసార్లు చెప్పారు. అంత పొడవైన మీటింగు ఆ కంపెనీ చరిత్రలో జరిగి ఉండదు. సాయంత్రానికి జ్వరం ముప్పై ఎనిమిదిన్నర సెల్సియస్ దాటింది. చిహారుకు భయం వేసింది. మామూలు భయం కాదు. ఒక ముద్ర తక్కువై చచ్చిపోతానేమోనన్న భయం. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు అంతకన్నా తలవంపు లేదు.

గురువారం భోజన విరామంలో చిహారు అన్నం ముద్ద పొట్లం కూడా విప్పకుండా కూర్చోవడం చూసింది ఓత్సుబో తొషిఎ. పక్క బల్ల మీద ముప్పై ఏళ్లుగా పాతుకుపోయిన మనిషి. ఆమె మొగుడు పోయి ఆరేళ్లు, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది.

"ఏంటమ్మాయ్, మొహం కాలిన పెనంలా ఉంది. జ్వరమా?"

చిహారు గొంతు తగ్గించి అంతా చెప్పేసింది. తొషిఎ టీ తాగడం ఆపలేదు.

"వాళ్లకి కావాల్సింది మగాడి ముద్ర. మగాణ్ణి తెమ్మన్లేదు కదా?"

"మగాడి మాట ఎత్తలేదండీ."

"మరింకేం, లే. వంద యెన్ల కొట్టుకి పోదాం. మగాళ్లని అక్కడ వరసగా పేర్చి పెట్టారు."

నిజంగానే పేర్చి పెట్టారు. ఉత్తరాల కవర్లకూ చెవి పుల్లలకూ మధ్య గుండ్రంగా తిరిగే స్టాండు ఉంది. దాన్నిండా చిన్న చిన్న అరలు, అరకొక ఇంటిపేరు చెక్కిన ముద్రలు. తొషిఎ ఒక్క తోపు తోసింది. స్టాండు గిర్రున తిరిగింది. దేశంలోని ఉత్తమ కుటుంబాలన్నీ కళ్ల ముందు నుంచి ఊరేగింపుగా వెళ్లిపోయాయి.

"ఇంతమంది మగాళ్లు ఒకచోట నోరు మూసుకుని నిలబడ్డం నేను ఇదే చూడ్డం," అంది తొషిఎ. "ఇదిగో, మా ఆయన. ఓత్సుబో. బతికున్నన్నాళ్లూ ఒక్క కాగితం మీద టైముకి ముద్ర వెయ్యలేదు. ఇక్కడ చూడు, ఎంత చురుగ్గా నిలబడ్డాడో."

"తొషిఎ గారూ, మెల్లగా. జనం చూస్తున్నారు."

"చూడనీ. వాళ్లూ వెతుక్కోవడానికే వచ్చుంటారు. నీ వాడి వరస ఎక్కడ? తొకుదా, తొకునాగా, ఆఁ, తొకునో. ఒక్కటే మిగిలింది." ఆమె ఖాళీ అరలో వేలు పెట్టి చూసింది. "మిగతావన్నీ అమ్ముడుపోయాయంటే, నువ్వొక్కదానివే కాదన్నమాట."

చిహారుకు నవ్వు వచ్చింది. నవ్వితే కడుపులో నొప్పి, నొప్పి వల్ల ఇంకా నవ్వు. నిలబడలేక స్టాండు పట్టుకుంటే అది తిరిగింది, దాంతో పాటు తనూ తిరిగింది. మూడు రోజుల తర్వాత నవ్వుతున్నందుకు ఆమెకు ఏడుపు కూడా వచ్చింది. సంచీ కావాలా అని కౌంటరు దగ్గర అమ్మాయి అడిగితే, "వద్దులే తల్లీ, ఇతను జేబులో పడతాడు," అంది తొషిఎ.

బ్యాంకుకు తిరిగివచ్చి, కాగితం కింద రబ్బరు పలక పరిచి, చిహారు ఎడమ గడిలో తన ముద్ర వేసింది. కుడి గడిలో తొకునో గారి ముద్ర వేసింది. అంతా పద్ధతిగా జరిగింది. పొరపాటు సరిగ్గా అక్కడే జరిగింది.

ఆ బ్యాంకులో ఒక మర్యాద ఉంది. ఏ కాగితం మీదైనా పై అధికారి ముద్ర ఎడమ గడిలో, కింది ఉద్యోగి ముద్ర కుడి గడిలో పడుతుంది. కింది ముద్ర నిటారుగా పడితే దాన్ని పొగరు అంటారు. అందుకని కుడి ముద్రను ఎడమకు కాస్త వాల్చి వేస్తారు, అక్షరాలు పై అధికారికి వంగి నమస్కరిస్తున్నట్టు. సెక్షను అధిపతికి పదిహేను డిగ్రీలు, బ్రాంచి మేనేజరుకు ముప్పై. (ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన కాగితానికి ఒకాయన నలభై అయిదు డిగ్రీలు వంగి ప్రమోషన్ కొట్టాడని చెప్పుకుంటారు.) పదకొండేళ్లుగా కుడి గడి చూడగానే చిహారు చెయ్యి దానంతటదే వాలిపోతుంది. ఆ రోజూ వాలింది. పక్కనే ఉన్న తొషిఎ కూడా పట్టుకోలేదు. ఆమె కంటికి అది చక్కగా పడిన ముద్రే.

ఆ సాయంత్రం వైద్యశాలలో ఇషిగురో గారి కంటికి మాత్రం అది చక్కగా కనిపించలేదు. తల పక్కకు వాల్చి చూసింది. కాగితం వాల్చి చూసింది. లోపలికి వెళ్లి అంగీకార నిర్వహణ విభాగాధిపతి మురొఫుషి గారిని పిలుచుకొచ్చింది. ఆయన కోణమానినితో వచ్చాడు.

"ఇరవై రెండు డిగ్రీలు," అన్నాడాయన గంభీరంగా. "మినెగిషి గారూ, అవతలి వారు మీకు నమస్కరిస్తున్నారు."

"మర్యాదస్థుడండీ," అంది చిహారు వెనక నిలబడ్డ తొషిఎ.

"కావచ్చునండీ. కానీ ఈ ఫారంలో మగవారు నమస్కరించిన దాఖలా పధ్నాలుగేళ్లలో లేదు. ఆయన మీద ఒత్తిడి జరిగి ఉండవచ్చునని మాకు అనుమానం. అంగీకారం స్వేచ్ఛగా ఇవ్వాలి. ఒక మనిషి ఇష్టాయిష్టాల్ని ఇంకొకరు నిర్ణయించడాన్ని ఈ వైద్యశాల ఎన్నటికీ సహించదు." చివరి మాటకు ఆయన కోణమానినిని గుండెకు హత్తుకున్నాడు.

(ఆ వాక్యం చిహారుకు చాలా నచ్చింది. తన విషయంలో కూడా దాన్ని వాడతారేమోనని కాసేపు ఎదురు చూసింది.)

"ఇప్పుడేం చెయ్యాలండీ?" అని అడిగింది. పళ్లు టకటకలాడుతున్నాయి.

"ఒత్తిడి లేదని ఆయన ధ్రువీకరించాలి. నమూనా 7-గ. ఆయన ఎక్కడున్నారు?"

"ఇక్కడే ఉన్నారు," అంది చిహారు, చేతిసంచీ గట్టిగా పట్టుకుని.

"లోపలికి రారా?"

"సిగ్గరండీ," అంది తొషిఎ. "మేం వెళ్లి వేయించుకొస్తాం."

వరండాలో బూట్లు పెట్టుకునే అలమారా మీద కాగితం పరిచారు. "నిటారుగా వెయ్యి అమ్మాయ్. వీడు నీకు మేనేజరు కాదు, నువ్వు వీడికి కాదు," అని తొషిఎ హెచ్చరించింది. 7-గలోనూ అవే రెండు గడులు. మొదటి ఫారం మీద తొకునో గారు వంగారు. రెండో ఫారం మీద ఇంకాస్త వంగారు. బతికి ఉన్న తొకునో గారిలో ఇంత పశ్చాత్తాపం ఎప్పుడైనా ఉండి ఉంటే కథ ఇక్కడిదాకా వచ్చేది కాదు. చివరికి తొషిఎ, చిహారు చెయ్యి జోలికి పోకుండా కాగితాన్నే పక్కకు తిప్పి పట్టుకుంది. కాస్త ఎక్కువ తిప్పినట్టుంది. ఈసారి తొకునో గారి ముద్ర చిహారు ముద్రకు వీపు తిప్పి, అటువైపు వాలిపోయి కూర్చుంది.

మురొఫుషి గారు కోణమానిని పెట్టనే లేదు. "ఇప్పుడు మీ వంక చూడటమే లేదు," అన్నాడు సంతృప్తిగా. "ఇది చాలా సహజంగా ఉందండీ. స్వేచ్ఛగా వేసిన ముద్ర ఇలాగే ఉంటుంది."

పత్రం ఆమోదం పొందింది. అప్పటికి డాక్టరు గారి వేళ అయిపోయింది కాబట్టి శుక్రవారం పొద్దున రమ్మన్నారు. ఆ రాత్రంతా తొషిఎ ఆమె పక్కనే కూర్చుంది. ఆంబులెన్సు నంబరు నొక్కి ఫోను ఒళ్లో పెట్టుకుని, ముప్పై తొమ్మిదిన్నర దాటితే ఏ ముద్రా లేకుండానే పిలిచేస్తానని బెదిరించింది.

శుక్రవారం డాక్టరు కజామా పరీక్ష చేశాడు. లోపల కొంత మిగిలిపోయింది, దానికి చీము పట్టింది. పావుగంటలో శుభ్రం చేసి, చేతికి సెలైను పెట్టాడు. పావుగంట పని. చిహారు పైకప్పు వంక చూస్తూ ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకుంది. బతికానన్న సంతోషం ముందు వచ్చింది, కోపం దాని వెనకే వచ్చింది.

"ఇంకో రోజు గడిస్తే పెద్దాసుపత్రే," అన్నాడు డాక్టరు. "ఇన్ని రోజులు జ్వరం పెట్టుకుని ఏం చేస్తున్నారండీ?"

"మంగళవారమే వచ్చానండీ. ముద్ర కోసం తిరుగుతున్నాను."

"ముద్రల సంగతి నాకు తెలీదండీ, అది రిసెప్షన్ వాళ్లది. ఎవరి ఒంటిని వాళ్లే చూసుకోవాలి కదా," అని ఆయన ఏదో రాసుకున్నాడు.

మధ్యాహ్నం తొషిఎ భుజం పట్టుకుని చిహారు బయటికి వచ్చింది. ఇషిగురో గారు రెండు చేతులతో చికిత్స వివరాల కాగితం అందించింది. అందులో ఒక గడి ఇలా ఉంది: చికిత్స ఆలస్యానికి కారణం, రోగి నిర్లక్ష్యం. చిహారు దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత చేతిసంచీలోంచి తొకునో గారిని తీసి, సిరా అద్ది, ఈయన ముద్ర ఎక్కడ వేయాలని అడిగింది.

ఇషిగురో గారు ఆ కడ్డీ వంక చూసింది, చిహారు వంక చూసింది, లేచి నడుము వంచి నమస్కరించింది.

"దీనికి అక్కర్లేదండీ. ఇది పూర్తిగా మీ ఒక్కరి బాధ్యత కదా."