బేబి పట్టిన వేట

ఇటుకల పండుగ నాడు తెల్లవారగానే ధర్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. బేబిని తీసుకుని అడవికి వెళ్లడం, దాని ముక్కు పుణ్యమా అని ఒక తేనెపట్టు సంపాదించడం, పొద్దు వాలకముందే తలెత్తుకుని ఇంటికి రావడం.

ఆ పండుగకు మగవాళ్లంతా వేటకు పోవాలి. జంతువుల జోలికి వెళ్లకూడదని ఫారెస్టువాళ్లు అన్నాక ఆ ఊళ్లో తేనెపట్టునే వేట కింద లెక్క కడుతున్నారు. ఒట్టి చేతులతో వచ్చినవాడి మీద పొలిమేరలో ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఈ మర్యాద ధర్మకు ఏటేటా జరుగుతూనే ఉంది. ఈసారి మాత్రం వ్యవహారం స్నానంతో పోయేలా లేదు.

"ఈపాలి కూడా ఉత్త సేతుల్తో వస్తే ఆ కుక్కని పార్వతీపురంలో మా అన్న కాడికి పంపించీస్తాను," అంది అతని భార్య హేమలత. "ఇంటిల్లిపాది తాగే సోడంబలి దానికొక్కదానికే సాలట్లేదు."

బేబి అన్నది పేరుకే. అరకులో రిసార్టు నడిపినాయన ఊరు విడిచిపోతూ ధర్మకు ఇచ్చేసిన సీమ జాతి వేటకుక్క అది. చెవులు అంబలి గిన్నెలో మునుగుతాయి. ముఖం మీది తోలు ఇంకో కుక్కకు కూడా సరిపోతుంది. గడపకు అడ్డంగా పడుకుంటే దాటాలే తప్ప లేపలేం. అయినా ధర్మకు అదంటే ప్రాణం. సంత నుంచి వస్తుంటే మలుపులోనే వాసన పట్టి ఎదురొచ్చే జీవి ఆ ఇంట్లో అదొక్కటే మరి.

"తేనె వడగట్టిన గుడ్డ ఏదీ?" అన్నాడు ధర్మ.

హేమలత నెత్తిమీది నీళ్లబిందె దించి, దాని కింద చుట్టకుదురుగా పెట్టుకున్న గుడ్డ విసిరింది. ఒకప్పుడు తేనె వడగట్టింది దాంతోనే.

అడవి మొదట్లో గుడ్డ వాసన చూపించగానే బేబి కొండ మారుమోగేలా ఊళపెట్టి పరుగెత్తింది. ఆ ఊపు చూసి మిగతావాళ్లు కూడా తమ దారులు మానుకుని దాని వెంట పడ్డారు. అది ఊరివాళ్లు నీళ్లు తెచ్చుకునే గెడ్డ దగ్గరకు తీసుకెళ్లింది. అక్కణ్నుంచి అడ్డాకుల పొదలకు, కట్టెలు కొట్టే చోటికి, కాఫీ తోటలోకి, మళ్లీ గెడ్డకు.

"బావా, ఇది తేనెకి ఎల్తన్నాదా, మనకి ఊరు సూపిత్తన్నాదా?" అన్నాడు మంగ్లు.

"వాసన పట్టిన కుక్కని అడక్కూడదు. ఎనక పోవాల."

కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదడమంటే ఏమిటో అందరికీ మధ్యాహ్నానికి తెలిసొచ్చింది. ఎవడి చేతిలోనూ ఈగంత వేట లేదు. అందరి చూపులూ ధర్మ మీదే ఉన్నాయి. ఇంతలో బేబి ధర్మ చేతిలోని తాడు తెంపుకుని ఊరి వైపు పరుగు లంకించుకుంది.

పొలిమేరలో బకెట్లతో నిలబడ్డ ఆడవాళ్లలో ముందున్నది హేమలత. బేబి నేరుగా వచ్చి ఆమె భుజాల మీద రెండు కాళ్లూ వేసింది. ఆమె బకెట్ ఆమె మీదే ఒలికింది. కంగారులో మిగతావాళ్లు కుక్క మీద కుమ్మరించారు. బేబి చెవులతో సహా ఒక్కసారి ఒళ్లు విదిలించింది. మగవాళ్లు వచ్చేసరికి ఊళ్లో పొడిగా ఉన్నది వాళ్లే.

ముసలి రాజులమ్మ ముఖం తుడుచుకుంది. పండుగలో తీర్పు ఆమెదే. "దీనికి ఏటి వాసన సూపించావురా?"

ధర్మ గుడ్డ ఇచ్చాడు. ఆమె వాసన చూసింది.

"తేనె ఎక్కడిది? ఇది నీ పెళ్లాం తలనూని వాసన. ఎవులి వాసన సూపించావో వాళ్లనే పట్టీసింది కుక్క. ఏట దొరికినట్టే. డప్పు కొట్టండి."

హేమలత పేడ కారుతూ నిలబడే ఉంది. ఆమె పాదం మీద గడ్డం ఆనించి బేబి రొప్పుతోంది.

"నాను తిరిగిన దారంతా నా కోసరం తిరిగిందేటి ఇది?" అంది. వంగి దాని చెవుల మీది పేడ తుడిచింది.

"మరి మీ అన్న?" అన్నాడు ధర్మ భయంభయంగా.

"అక్కడికి పంపితే మాత్రం ఉంటాదా? నా వాసన పట్టుకుని మళ్లీ వచ్చెత్తాది. బస్సు సార్జీలు దండగ."

ధర్మ కుక్కను కావలించుకుని ఏడ్చినంత పని చేశాడు, పేడ సంగతి మరిచిపోయి.

వేట దొరికిన రోజు ఊరంతటికీ విందు పెట్టడం ఆచారం. ఆ సాయంత్రం విందు ఘనంగానే జరిగింది. వంట మాత్రం వేటలో దొరికినావిడే చేసింది.