తెల్లగుడ్డ కప్పుకున్న బొమ్మ

ఆ ఆదివారం పొద్దున్న కియోనో పెట్టుకున్న పని చాలా చిన్నది. వీధిలో ఇంటింటికీ తిరిగే ప్రకటనల అట్టకు ఒక కాగితం తగిలించి పక్కింటికి అందించడమే. "చిన్నప్పటి బొమ్మ కోసం వెతుకుతున్నాను. పొట్టి జుట్టు. మెడ నుంచి కిందికంతా తెల్లగుడ్డ. నవ్వదు."

నాలుగేళ్ళ వయసులో ఆమెను కనజావా ఊళ్ళోని ఈ ఇంటికి పెంపకానికి ఇచ్చారు. అంతకుముందు బతుకులోంచి ఆమెకు మిగిలింది ఆ బొమ్మ ఒక్కటే. కన్నతల్లి ముఖం కూడా గుర్తులేదు. పెంచినవాళ్ళు అడిగితే మాట మార్చేవాళ్ళు; ఇప్పుడు వాళ్ళూ లేరు. ఈమధ్య బొమ్మ ముఖం కూడా చెరిగిపోతోంది. అదీ పోతే, తను నాలుగేళ్ళ పిల్లగా ఉన్నట్టుండి ఊడిపడినట్టే.

శవానికి కట్టేది కూడా తెల్లబట్టేనని రాసేటప్పుడు ఆమెకు తట్టలేదు. పైగా ఆ ఊళ్ళో పాత బొమ్మను ఎవరూ చెత్తలో పారెయ్యరు. ఏళ్ళ తరబడి మనుషుల కళ్ళలోకి చూసినదాన్ని గుడిలో మంత్రాలు చదివించి మంటకు అప్పగించాలి. అంత తీరికా ధైర్యమూ లేనివాళ్ళ అలమరల్లో బొమ్మలు గోడవైపు తిరిగి కూర్చునుంటాయి. అట్ట వీధి చివరికి చేరేసరికి కథ మారిపోయింది. కియోనోను ఏదో బొమ్మ పట్టి పీడిస్తోందట. దాన్ని శాంతింపజేయడానికి వీధిలోని బొమ్మలన్నిటికీ ఆమే కర్మ చేయిస్తోందట.

మర్నాడు గుమ్మంలో పట్టుబట్టల రాణి బొమ్మ ఒకటి కనిపించింది. ఇదేనేమోనని కియోనో దాన్ని లోపలికి తీసుకెళ్ళి ముఖం చూసింది. కాదు. ఆమె తీసుకెళ్ళడం మాత్రం ఎదురింటి ఇనమురా గారు చూశారు. సాయంత్రానికి ఆవిడా రెండు బొమ్మలతో వచ్చింది.

"ఇవి నావి కావండీ," అంది కియోనో.

"నావీ కావు, మా అత్తగారివి. ఆవిడ పోయాక అలమర తలుపు తియ్యాలంటే వణుకు. మీకెలాగూ అలవాటైంది కదా." ఆవిడ చెప్పులైనా విడవకుండా వెళ్ళిపోయింది.

తర్వాత వచ్చినవాళ్ళెవరినీ కియోనో కాదనలేకపోయింది. ఒకవేళ ఇదే అయితే? ప్రతి ముఖాన్నీ గుర్తున్న ముఖంతో పోల్చింది. పోల్చినప్పుడల్లా గుర్తున్నది కొంచెం అరిగింది. వారం తిరిగేసరికి గదినిండా బొమ్మలు, తలలోనూ అవే. భర్త తెత్సువో పరుపు వంటింట్లోకి మార్చుకున్నాడు. తను అన్నం తింటుంటే అవి నోరు చూస్తున్నాయని అతని ఫిర్యాదు.

ఆ రోజుల్లోనే ఫుకి అనే ముసలావిడ వచ్చింది. ఈమధ్యే వీధి చివర కొడుకింటికి చేరిన మనిషి. ఈవిడ ఒట్టి చేతులతో వచ్చింది. బొమ్మలను చూసింది, తర్వాత కియోనోను అంతకంటే ఎక్కువసేపు చూసింది.

"వీటిలో దొరకదమ్మాయ్. రేవులో మాది మంగలిషాపు. మీ పెంపుడు నాన్న మా దగ్గరే గడ్డం గీయించుకునేవాడు. మీ అమ్మ మా దగ్గర పనిచేసేది. నిన్ను ఉంచడానికి చోటులేక, ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు తెల్లగుడ్డ కట్టి అద్దంవైపు తిప్పేది. ఎదురుగా ఉన్న పిల్లను చూస్తూ పొద్దంతా కిక్కురుమనేదానివి కాదు."

కియోనో అడిగింది, "మరి అమ్మ?"

"నీ వెనకే నిలబడి కత్తెర ఆడించేది. అద్దంలో ఆవిడా కనబడాలే."

కియోనో కళ్ళు మూసుకుంది. పొట్టి జుట్టు, తెల్లగుడ్డ, వెనక రెండు చేతులు, కత్తెర. ఆ పైన అద్దం లేదు.

మర్నాడు ఆమె తెల్లదుప్పటి మెడకు చుట్టుకుని, బొమ్మల మధ్య నిలువుటద్దం ముందు కూర్చుంది. ఆ చేతుల పైన ముఖం కనబడేదాకా రెప్ప వెయ్యకూడదనుకుంది. తెత్సువో పిలిచినా పలకలేదు. ఇక లాభం లేదని అతను బొమ్మలను తీసుకెళ్ళమని గుడికి కబురు పెట్టాడు.

మధ్యాహ్నం మందపాటి కళ్ళద్దాల ముసలి పూజారి వచ్చాడు. వరసగా ఒక్కో బొమ్మకూ చేతులు జోడించి మంత్రం చదువుతూ, కియోనో దగ్గరికి వచ్చి ఆమెకూ చదివాడు.

"ఇదీ తీసుకెళ్ళేదేనా?" అని అడిగాడు.

తెత్సువో కాస్త ఆలోచించి, "కాదండీ, అది ఇంట్లో ఉండేదే," అన్నాడు.