గుర్తింపు పొందిన మంత్రిగారు

"ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యుండి నేను ఉన్నత విద్య చదవకపోవడం ఆ విద్యకే లోటు. అందుకని కంప్యూటర్ సైన్స్‌లో డిగ్రీ చేయాలని నిర్ణయించాను. అదీ ఆన్‌లైన్‌లో. అదీ గుర్తింపు ఉన్నచోట" అని మంత్రిగారు ప్రకటించగానే హాల్లో చప్పట్లు మోగాయి. మొదట కొట్టింది నేను. ఆయన పౌరసంబంధాల అధికారిని కాబట్టి మొదటి చప్పట్లు నా డ్యూటీ.

ఇంత గొప్ప నిర్ణయానికి కారణం ముందురోజు సభలో జరిగిన చిన్న ముచ్చట. ప్రతిపక్ష సభ్యురాలు ఒకావిడ లేచి, "మంత్రిగారు ఎంతవరకు చదివారో చెప్పగలరా?" అని అడిగింది. మంత్రిగారు ఏమాత్రం తడుముకోకుండా, "మీరు పంపిన ప్రశ్నలో మూడో లైను దాకా" అన్నారు. సభ ఘొల్లుమంది. మంత్రిగారూ నవ్వారు. కారెక్కాక మాత్రం, "ఎందుకయ్యా అంతలా నవ్వారు వాళ్ళు?" అని అడిగారు. డ్రైవరు రేడియో పెట్టాడు.

"ఏ యూనివర్సిటీలో చేరుతున్నారు సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"అసలు విషయం అదే. యువత మోసపోతున్నది అక్కడే. మంచి కోర్సు ఎలా ఎంచుకోవాలో నేను చేసి చూపిస్తాను" అన్నారు మంత్రిగారు. రెండో చప్పట్లు కూడా నావే.

ఎంపికకి వెంటనే కమిటీ పడింది. రిటైరైన సెక్రటరీగారు ఒకరు, మంత్రిగారి బావమరిది ఒకరు, రాసుకోవడానికి నేను. ఈ విషయంలో నాకు ఓనమాలు రావు గనక, మా అక్క కూతురికి ఫోన్ చేశాను. ఆ పిల్ల పగలంతా మందుల షాపులో బిల్లులు కొడుతూ, ఆన్‌లైన్‌లో సరిగ్గా ఇదే డిగ్రీ చదివి ఈమధ్యే పాసైంది. పెద్దాసుపత్రి కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం కూడా ఖాయమైంది. సర్టిఫికెట్ చేతికి రావడమే తరువాయి. షాపు మానేసి ఇంట్లో కాలు నిలవకుండా తిరుగుతోంది.

"ముందు ప్రభుత్వం సైట్లో చూడు మావయ్యా. యూనివర్సిటీ పేరుంటే సరిపోదు. ఆ కోర్సు ఆన్‌లైన్‌లో చెప్పడానికి విడిగా అనుమతి ఉండాలి. తర్వాత పాఠం చెప్పేదెవరో చూడు. డౌటడిగితే అవతల మనిషి పలకాలి. పరీక్ష కాస్త భయపెట్టాలి."

"భయం ఎందుకే?"

"భయపెట్టని పరీక్ష పాసయ్యానంటే ఎవరు నమ్ముతారు మావయ్యా?"

నేనివన్నీ కమిటీ ముందు పెట్టాను. సెక్రటరీగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఆయన ఆలోచన కాసేపటికి గురక దాకా వెళ్ళింది. బావమరిదిగారు మాత్రం నేరుగా పనిలోకి దిగి, యూనివర్సిటీల లోగోలన్నీ తెరమీద వేయించి, మన పార్టీ రంగుకి దగ్గరగా ఉన్నవి పక్కన పెట్టించారు. అలా వడపోత జరుగుతుండగా మంత్రిగారు లోపలికొచ్చారు.

"ఈ గుర్తింపు అంటే ఏంటయ్యా అసలు?"

"కోర్సు నమ్మదగిందని ఒక సంస్థ పరిశీలించి చెప్పడం సార్."

"ఆ సంస్థని నమ్మొచ్చని ఎవరు చెబుతారు?"

"ప్రభుత్వం సార్."

"ప్రభుత్వంలో ఎవరు?"

"మన శాఖే సార్."

"మన శాఖలో ఆఖరి సంతకం ఎవరిది?"

"తమదే సార్."

మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ముఖంలో అంత ప్రశాంతత నేను ఎన్నికల ఫలితాలరోజున కూడా చూడలేదు. "అయితే నేనెక్కడ చేరితే అదే గుర్తింపు ఉన్నది. ఇంత సులువైన విషయానికి యువత ఎందుకు కష్టపడుతోందో!"

అయినా పద్ధతి పద్ధతే గనక, అన్నిటిలోకీ మంచి పేరున్న యూనివర్సిటీకే మొదట ఫోన్ చేయించారు. అది మా మేనకోడలు చదివిందే. అవతల అడ్మిషన్ల అధికారిణి చాలా మర్యాదగా మాట్లాడింది.

"చాలా సంతోషమండీ. సార్‌గారి లెక్కల మార్కుల మెమో పంపించండి."

"మెమోలా? ఆయన ఇవ్వడమే గానీ తీసుకునే అలవాటు లేదమ్మా" అన్నాను.

"స్కూల్లో లెక్కలు పాసయ్యారు కదండీ?"

ఫోన్ స్పీకరు మీద ఉంది. మంత్రిగారు గోడమీద క్యాలెండరు చూడసాగారు.

"పాసవ్వకపోయినా పర్లేదండీ. మా దగ్గర ముందు లెక్కల కోర్సు ఒకటుంది. అది పూర్తిచేసి, పరీక్ష రాసి, ఆపైన చేరొచ్చు. ఎంత పెద్దవాళ్ళకైనా అంతేనండి" అందామె. ఆ చివరిమాట అనకుండా ఉండాల్సింది.

ఆ మధ్యాహ్నమే రెండో యూనివర్సిటీ తనంతట తానే నడిచొచ్చింది. అంటే దాని ఏజెంటు వచ్చాడు. మెడలో టై, చేతిలో పూలగుత్తి. "సార్, మాది అంతర్జాతీయ స్థాయి. తమ ప్రజాసేవని మేం చదువుకింద లెక్కగడతాం. మొదటి సంవత్సరం తమరు వార్డు మెంబరుగా ఉన్నప్పుడే పూర్తయిపోయింది. రెండోది ఎమ్మెల్యేగా. మూడోది మంత్రి అయినరోజున. మిగిలింది ఒక్క సబ్జెక్టు."

"చూశావా, నాకు తెలీకుండానే ఎంత చదివానో!" అన్నారు మంత్రిగారు నావైపు తిరిగి.

"గుర్తింపు ఉందా?" అని అడిగాను. మేనకోడలి మాటలు ఇంకా చెవిలో ఉన్నాయి. అతను గుర్తింపు సంస్థ నంబరు ఇచ్చాడు. బయటికొచ్చి డయల్ చేశాను. లోపల ఏజెంటు జేబు మోగింది. అతను ఫోనెత్తి, గొంతు బొంగురు చేసి, "ఆ యూనివర్సిటీ చాలా మంచిదండి" అన్నాడు. తలుపు తెరిచే ఉంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూనే మాట్లాడుకున్నాం.

మంత్రిగారు అక్కడే చేరారు. లోగో కూడా పార్టీ రంగే.

వారం తిరక్కుండా ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. "విద్యార్థుల పట్ల స్నేహభావం లేనందున" మొదటి యూనివర్సిటీ గుర్తింపు రద్దు. ఏజెంటుగారి యూనివర్సిటీకి గుర్తింపు మంజూరు. ఉత్తర్వు తయారయ్యే వేళకి సెక్రటరీగారికి మెలకువ వచ్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసు అలవాటుకొద్దీ అడుగున ఒక వాక్యం చేర్పించారు. గుర్తింపు నిలవాలంటే ప్రతి కోర్సుకీ గుర్తింపు పొందిన డిగ్రీ ఉన్న టీచరు ఒకరు తప్పనిసరి. లేకపోతే కోర్సూ, అది ఇచ్చిన డిగ్రీలూ చెల్లవు. మంత్రిగారు మూడో లైను దాటి చదవరు గనక సంతకం పెట్టేశారు.

పత్రికా ప్రకటన నేనే రాశాను. "విద్యారంగంలో స్నేహశకం" అని శీర్షిక పెట్టాను. ఆ సాయంత్రం అక్కావాళ్ళింటికి వెళ్ళాను. అక్క టీ ఇచ్చింది. అందులో చక్కెర లేదు. అడగబుద్ధి కాలేదు.

మేనకోడలు గడపలో కూర్చుని ఉంది. "ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేశారు మావయ్యా. గుర్తింపు లేని డిగ్రీ పనికిరాదట. ఈ నెలాఖరుదాకా చూస్తామన్నారు. షాపుకి వెళ్ళాను. నా కౌంటర్లో ఇంకెవరో కూర్చున్నారు." ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "నేను చదివిందైతే నా బుర్రలోనే ఉంది కదా. దాన్నెలా రద్దు చేశారు మావయ్యా?"

"నువ్వు కాదమ్మా, నీ యూనివర్సిటీ మాత్రమే..." అని మొదలుపెట్టి, టీ తాగేశాను.

మర్నాడు ఏజెంటు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "సార్, టీచరు ఉండాలట. మా యూనివర్సిటీలో అన్నీ ఉన్నాయి. అదొక్కటే లేదు. కంప్యూటర్ తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఇప్పించండి."

నాకు తెలిసింది ఒక్కతే. వెళ్ళి అడిగాను. "నా డిగ్రీ రద్దు చేసినాయనకి నేను పాఠం చెప్పాలా?"

"ఒక్క సబ్జెక్టే."

"సరే. వస్తాను" అంది. ఎందుకు ఒప్పుకుందో ఆ క్షణాన నాకర్థం కాలేదు. మా వంశంలో తెలివి అక్కవైపు వెళ్ళింది.

మొదటి క్లాసుకి విలేకరులంతా వచ్చారు. మంత్రిగారు తన ఛాంబర్లో, మేనకోడలు పక్కగదిలో, మధ్యలో గోడ. మంత్రిగారు చదువు ఆన్‌లైన్‌లోనే ఉండాలని పట్టుబట్టడంతో ఆ ఏర్పాటు. కెమెరాలు మంత్రిగారి కొత్త పెన్నుని తీశాయి. తర్వాత ఒకమ్మాయి మైకు పట్టుకుని పక్కగదిలోకొచ్చింది.

"మేడమ్, మంత్రిగారికి పాఠం చెబుతున్న మీ అర్హత ఏంటండి?"

"ఉండేదండి. మంత్రిగారు రద్దు చేశారు" అంది మేనకోడలు.

చెప్పడం ఎంతో వినయంగా చెప్పింది. మంత్రిగారి తెరమీద కూడా స్పష్టంగా వినబడింది. రాత్రికల్లా అన్ని ఛానళ్ళలోనూ అదే. సెక్రటరీగారిని పిలిపించారు. ఆయన తను రాసిన వాక్యాన్ని తనే మెచ్చుకోలుగా మరోసారి చదివి, "టీచరు డిగ్రీ చెల్లదు కాబట్టి కోర్సు చెల్లదు. కోర్సు చెల్లదు కాబట్టి తమ డిగ్రీ చెల్లదు" అన్నారు.

"ఇంకా రాని డిగ్రీ కూడా చెల్లదా?"

"ముందుగానే చెల్లదు సార్."

"ఇంకో టీచర్ని పెట్టండయ్యా!"

"ఎవరిని పెట్టినా సభలో ఈ అమ్మాయి సంగతే అడుగుతారు సార్."

మంత్రిగారు కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డారు. మహానుభావులు తప్పు దిద్దుకునే ఘట్టాలు చరిత్రలో అరుదు. అలాంటి ఘట్టం చూస్తున్నాననుకుని పెన్ను తీశాను. ఆయన నావైపు తిరిగి, "ఆ యూనివర్సిటీ గుర్తింపు అసలెప్పుడూ రద్దు కాలేదని రాయి" అన్నారు.

అలా రద్దు రద్దయింది. అదీ వెనకటి తేదీతో. "స్నేహశకం కొనసాగింపు" అని శీర్షిక పెట్టాను. సర్టిఫికెట్ అందిన రోజున అక్క నాకు టీ ఇచ్చింది. చక్కెర కాస్త ఎక్కువే పడింది.

ఆసుపత్రి ఉద్యోగంలో చేరేలోపు మేనకోడలు ఒప్పుకున్న పాఠాలు ఎగ్గొట్టలేదు. మంత్రిగారిచేత ఒక ప్రోగ్రాం కూడా రాయించింది. ఆయన పేరు తెరమీద మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రోగ్రాం. మంత్రిగారు మీట నొక్కగానే పేరు వరదలా దిగడం మొదలైంది. ఆయన నోరు తెరుచుకుని చూశారు. మధ్యలో ఇద్దరు కలెక్టర్లు వచ్చి, నిలబడి, వెళ్ళిపోయారు.

"అమ్మా, ఇది ఎప్పుడు ఆగుతుంది?" అని చాలాసేపటికి తెరలోంచి అడిగారు.

"ఆగమని మీరు చెప్పలేదండి."

"ఎలా చెప్పాలి?"

"అదే రేపటి పాఠం సార్."

"రేపొద్దు. ఆపొద్దు" అన్నారు మంత్రిగారు. "ఇంత మంచి శాస్త్రాన్ని ఇన్నాళ్ళూ నా దగ్గర దాచారయ్యా మీరంతా!"

ఆపే పాఠం జరగకుండానే మేనకోడలు ఆసుపత్రి ఉద్యోగంలో చేరిపోయింది. పరీక్ష ఏజెంటే పెట్టాడు, ఏజెంటే దిద్దాడు. మంత్రిగారికి ఫస్ట్ ర్యాంకు వచ్చింది. రాసింది ఆయనొక్కరే గనక లాస్ట్ ర్యాంకు కూడా ఆయనదేనని ప్రతిపక్షం అంది గానీ, ఓర్వలేనితనానికి జవాబివ్వడం మా శాఖ సంప్రదాయం కాదు. పట్టా అందుకున్నప్పుడు మొదటి చప్పట్లు నేను కొట్టకముందే మంత్రిగారే కొట్టేసుకున్నారు.

ఆ వేడి చల్లారకముందే సెక్రటరీగారు దగ్గుతూ వచ్చారు. "టీచరు పోస్టు ఖాళీగా ఉంది సార్. వెంటనే నింపకపోతే కోర్సు గుర్తింపు పోతుంది. దాంతోపాటు..." అని గోడమీద కొత్తగా వేలాడుతున్న పట్టావైపు చూశారు.

ప్రకటన వేశారు. అసలైన టీచర్లెవరూ రాలేదు. గుర్తింపు పొందిన కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ఉండి, ఆ యూనివర్సిటీలో పనిచేయడానికి సిద్ధపడిన అభ్యర్థి ఒక్కరే తేలారు. ఇంటర్వ్యూ అద్దంముందు జరిగిందని బావమరిదిగారు తర్వాత చెప్పారు.

క్లాసన్నాక విద్యార్థులుండాలి గనక, మమ్మల్నందరినీ అదే కోర్సులో చేర్చారు. సోమవారం పొద్దున నేను, సెక్రటరీగారు, డ్రైవరు, బావమరిదిగారు పక్కగదిలో కంప్యూటర్లముందు కూర్చున్నాం. గోడ అవతల ప్రొఫెసర్ మంత్రిగారు గొంతు సవరించుకోవడం వినిపించింది. నా తెర నల్లగా ఉంది. ఏ మీట నొక్కినా అంతే. చివరికి లేచి, ఆయన ఛాంబర్ తలుపు కొట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"సార్, చిన్న డౌటు. నా కంప్యూటర్ ఆన్ కావడం లేదు."

మంత్రిగారు కళ్ళజోడు సవరించుకుని, చాలా ఆప్యాయంగా నావైపు చూశారు.

"అది సిలబస్‌లో లేదు" అన్నారు.