చెయ్యెత్తిన గిరీష్

పొద్దున్నే పూజ ముగించుకుని, కొడుకు గిరీష్‌ను వెంటబెట్టుకుని జమ్మలమడుగులో బస్సెక్కాడు పూజారి గురురాజారావు. ముందు ప్రొద్దుటూరులో చెవి పరీక్ష, అటునుంచి అటే పులివెందులలో బుద్ధిమాంద్యం పిల్లల హాస్టల్. గిరీష్‌కు వయసొచ్చింది గానీ బుద్ధి ఎదగలేదు. పిలిస్తే పలకడు, చెప్పింది చెయ్యడు. "ముందు చెవులు చూపించండి. అవి బాగుంటే హాస్టలుకు నేను అడ్డం రాను," అని భార్య రుక్మిణమ్మ పట్టుబట్టింది.

ప్రొద్దుటూరులో ఇలాంటి పిల్లల చెవులు చూడటానికే క్యాంపు పెట్టారు. హర్షిత అనే అమ్మాయి గిరీష్‌కు హెడ్‌ఫోన్లు తగిలించి, "శబ్దం వినపడితే చెయ్యెత్తన్నా," అని సైగ చేసి చూపింది. మీట నొక్కింది. గిరీష్ కదల్లేదు. మళ్లీ నొక్కింది. ఊహూఁ. వెనకెవరో నవ్వారు.

పూజారి కొడుకు పదిమందిలో పరీక్ష తప్పడమా? గురురాజారావు వెనక నిలబడి, ఆమె వేలు కదలగానే కొడుకు వీపులో పొడిచి చెయ్యెత్తించాడు. రెండుసార్లయ్యాక పొడిస్తే చాలు, చెయ్యి దానంతటదే లేచింది.

"చెవులు శానా బాగుండాయి స్వామీ," అంది హర్షిత.

"మరి చెప్పింది చెయ్యడేంది?"

"మొండితనమేమో."

బయటికొచ్చాక గానీ తాను గెలిచింది కొడుక్కి హాస్టలేనని ఆయనకు తెలిసిరాలేదు. వెనక్కి వెళ్లి నిజం చెప్పడానికి నోరు రాలేదు.

పులివెందుల బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరి మోచెయ్యి తగిలినా గిరీష్ చెయ్యెత్తుతున్నాడు. దిగుతాడేమోనని కండక్టర్ ఇనాయతుల్లా ప్రతిసారీ విజిల్ ఊది బస్సు ఆపుతున్నాడు. జనం తిట్లకు లంకించుకున్నారు.

"యాడ దిగేది అప్పా నువ్వు?" కండక్టర్ అరిచాడు. గిరీష్ కిటికీలోంచి చీనీ తోటల్లోని బత్తాయిలు చూస్తున్నాడు. కండక్టర్ అతని తల వెనక చప్పట్లు కొట్టాడు. ఉలకలేదు. వేలితో పొడిచాడు. చెయ్యి లేచింది.

"ఏం సామీ, ఈయప్పకు చెవుడు గదా! పొడిస్తే చెయ్యెత్తేది ఎవురు నేర్పినారు?"

బస్సంతా నవ్వింది. గురురాజారావు కొడుకుతో అక్కడే దిగి ప్రొద్దుటూరు దారి పట్టాడు.

ఈసారి క్యాంపు డాక్టరే చెవిలోకి లైటు వేసి చూశాడు. తలంటు పోసినప్పుడల్లా రుక్మిణమ్మ ప్రేమగా పోసిన నూనె, కుక్కిన దూది, ఏళ్ల గులిమి కలిసి బిరడాలయ్యాయి. అన్నీ తీసేశాడు.

'రోజూ వీడి పక్కనే నీకు గంట కొట్టాను. హారతి వెలుగు చూసి దండం పెడుతున్నాడని ఒక్కనాడూ తోపించలేదేం స్వామీ?' అని దేవుణ్ణి మనసులోనే అడిగాడు గురురాజారావు.

ఫోను మోగింది. హాస్టల్లో సీటు మాట్లాడిన బావమరిది శ్రీధర్. "యాడుండావు బావా? ఆ మొద్దును తీసుకొస్తాండావా లేదా?"

గిరీష్ ఫోను వైపు తిరిగాడు. "మొద్దంటే ఎవురు నాన్నా?"

హాస్టల్ ఊసు మళ్లీ రాలేదు. ఏళ్లుగా గిరీష్ మీద అరిచిన ఆ ఇంట్లో ఇప్పుడు మిగతావాళ్లంతా గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకుంటున్నారు. పాపం, వాళ్లకు కాస్త ఆలస్యంగా వస్తోంది.